బొద్దింకలకి ట్రైనింగ్, తాచుపాముకి ధైర్యం

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటానండి. అరండల్‌పేటలో చిన్న స్టేషనరీ షాపు ఉంది, దానికి తోడు మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ పని కూడా నా నెత్తినే పడింది (మీటింగ్‌కి లేటుగా వెళ్ళాను, ఈలోగా నన్నే అనేసుకున్నారు). మీ పేపర్లో కోతుల బెడద, కుక్కల బెడద అని రోజూ ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది, కానీ వాటిని పట్టడానికి వచ్చే మనిషి గురించి, అతనికీ ట్రైనింగూ కార్డూ ఉండాలన్న దాని గురించి ఎవరూ రాయట్లేదు. అందుకే ఈ ఉత్తరం, కాస్త పెద్దదే అయింది, కత్తిరించుకోండి గానీ మానుపిల్లి సంగతి మాత్రం ఉంచండి.

మాది పై అంతస్తు. వేసవిలో రాత్రి పదకొండు దాటితే చాలు ఫాల్స్ సీలింగ్ మీద ధబధబా పరుగులు. మా ఆవిడ ఎలుకలంది, నేను పిల్లులన్నాను, వాచ్‌మన్ మాత్రం ఒకరోజు తెల్లవారుజామున చూశాడట, నల్లగా పొడుగ్గా, ఒళ్ళంత తోక, పక్క సైటులో వేపచెట్టు కొమ్మ మీద నుంచి మా పిట్టగోడ మీదకి నడుచుకుంటూ వచ్చి ఏసీ పైపు కోసం కొట్టిన కన్నంలోంచి లోపలికి దూరిపోయిందట. అప్పటిదాకా కలరా ఉండలు కిలో లెక్కన కొని చల్లాం, దానికేం కాలేదు, మాకే తలనొప్పి పట్టుకుంది.

ఎవరో నంబర్ ఇస్తే ఫోన్ చేశాం, బైక్ మీద ఒకతను వచ్చాడు. బోను ఒకటి, వల ఒకటి, కవర్లో రెండు మగ్గిన అరటిపళ్ళు. పైకి తలెత్తి ఒక్కసారి చూశాడంతే, "పునుగుపిల్లి సార్, తిరుపతిలో స్వామివారికి దీని తైలమే వాడతారు, మామూలు జంతువు కాదు" అని, దేవుడి పేరు చెప్పి మూడు వేలకి మాట్లాడుకున్నది నాలుగున్నర చేశాడు. తర్వాత తెలిసింది, అది పునుగుపిల్లే కాదు, మానుపిల్లి. శుక్రవారం అభిషేకానికి తైలం తీసే పునుగుపిల్లి ఒంటి మీద మచ్చలుంటాయి, తోకకి కట్లు కట్లుగా చారలుంటాయి, అది ఎక్కువగా నేల మీదే తిరుగుతుంది. పళ్ళ కోసం చెట్లెక్కి తిరుగుతూ అట్నుంచి మన సీలింగుల్లో కాపురం పెట్టేది మానుపిల్లి. పట్టేవాడికే అది ఏ జంతువో తెలియకపోతే ఇక మనకేం తెలుస్తుందండీ.

రెండో రోజు రాత్రి బోన్లో పడింది. గోనెసంచిలో వేసుకుని నల్లపాడు అవతల తోటల్లో వదిలేస్తానని బండి వెనక కట్టుకుని పోయాడు, వదిలాడో ఏం చేశాడో ఆ పైవాడికే తెలియాలి. మేం హమ్మయ్య అనుకున్నాం. నాలుగో రోజు నుంచి హాల్లో వాసన మొదలైంది. ఐదో రోజుకి ఇంట్లో ఉండలేకపోయాం. కార్పెంటర్‌ని పిలిచి సీలింగ్ కోయిస్తే దూది కుక్కిన మూలన మూడు పిల్లలు, కళ్ళు కూడా తెరవలేదు. తల్లి లేక ఆకలికి చచ్చిపోయాయి. మా ఆవిడ ఆ పూట అన్నం ముట్టలేదు. నేను వాడికి ఫోన్ చేసి అడిగితే "లోపల పిల్లలున్నాయని మీరు చెప్పలేదుగా సార్" అన్నాడు. చెప్పాల్సింది నేనా?

ఇది మా మేనకోడలికి చెప్పుకున్నాను. తను అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రం ఆల్బనీ దగ్గర ఉంటుంది. వాళ్ళ ఇంటి అటక మీద కిందటేడు రాకూన్ దూరిందట, మన దగ్గర ఉండదు లెండి, కళ్ళ చుట్టూ నల్లగంత కట్టిన దొంగలా ఉంటుందది. అక్కడ ఇలాంటి పని చేసేవాళ్ళకి లైసెన్సు ఉండాలట, రాష్ట్రంలో పర్యావరణం చూసుకునే డిపార్ట్‌మెంట్ పరీక్ష పెడుతుంది, 80 శాతం మార్కులు రావాలి. చదువుకోవడానికి కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసిన పుస్తకం ఉంది. ఇది కాక ఆ పని చేసుకునేవాళ్ళంతా కలిసి నేషనల్ వైల్డ్‌లైఫ్ కంట్రోల్ ఆపరేటర్స్ అసోసియేషన్ అని పెట్టుకుని విడిగా క్లాసులూ సర్టిఫికెట్లూ కూడా ఇచ్చుకుంటున్నారు, అవి ఒకసారి తీసుకుంటే సరిపోదు, మళ్ళీ మళ్ళీ నేర్చుకుంటేనే నిలుస్తాయి.

ఇంతకీ మా మేనకోడలి ఇంటికి వచ్చిన ఆ లైసెన్సు మనిషి చేసిన మొదటి పని ఏంటో తెలుసా, ఏమీ పట్టలేదు. టార్చి పట్టుకుని అటకెక్కి అరగంట వెతికి, పిల్లలున్నాయమ్మా, అవి నడవడం నేర్చేదాకా కొన్ని వారాలు ఓపిక పట్టండి, ఇప్పుడు తల్లిని పట్టుకుపోతే పిల్లలు గోడల్లో చచ్చి కుళ్ళిపోతాయి అన్నాడట. సరిగ్గా మా ఇంట్లో జరిగిందే! తర్వాత వచ్చి లోపల్నుంచి తోస్తే తెరుచుకునే, బయట్నుంచి తోస్తే తెరుచుకోని తలుపు ఒకటి ఆ కన్నానికి బిగించాడు. తల్లి వెనకే పిల్లలు కూడా బయటకి నడిచి వెళ్ళిపోయాయి, అన్నీ పోయాయని చూసుకున్నాక రేకుతో కన్నం మూసేసి, ఏం చేశాడో కాయితం మీద రాసిచ్చాడు. మా ఇంట్లో నాలుగున్నర వేలు తీసుకున్నవాడు కన్నం సంగతి అసలు ఎత్తనేలేదండి. కన్నం మూయకపోతే ఇంకోటి వస్తుంది, ఇంకోటి వస్తే ఇంకో నాలుగున్నర. వ్యాపారం తెలిసినవాడే.

అమెరికాలో అన్నీ బాగుంటాయని చెప్పడానికి రాయట్లేదిది. మన దగ్గరే ఒక రూల్ ఉంది వినండి. ఇళ్ళల్లో బొద్దింకలకి, చెదలకి మందు కొట్టే పెస్ట్ కంట్రోల్ లైసెన్సు కావాలంటే, 1968 పురుగుమందుల చట్టం కింద 1971 లో వచ్చిన రూల్స్ ప్రకారం అగ్రికల్చర్ డిగ్రీ గానీ కెమిస్ట్రీతో సైన్స్ డిగ్రీ గానీ ఉండి, పైన కనీసం 15 రోజుల ట్రైనింగ్ సర్టిఫికెట్ ఉండాలి. ఆ ట్రైనింగ్ ఇచ్చే చోట్లలో మైసూర్‌లో ఆహార పరిశోధన సంస్థ సి.ఎఫ్.టి.ఆర్.ఐ. ఒకటి, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో మొక్కల సంరక్షణ శిక్షణ సంస్థ ఒకటి. అంటే బొద్దింకని చంపడానికి డిగ్రీ, 15 రోజుల క్లాసు. మరి తాచుపాముని చేత్తో పట్టడానికి ఏం కావాలి? ధైర్యం, బైకు, ఇప్పుడైతే రీల్స్ తీసే ఫోను.

రూల్ ఉంటే సరిపోదన్నదీ నిజమే. మా ఇంట్లో ఈ గొడవ అయ్యాక ఇంకొకతను వచ్చి, బోను ఎందుకు సార్, రాత్రికి నాలుగు గోలీలు సీలింగ్‌లో వేస్తా, పొద్దున్నకి క్లీన్ అన్నాడు. ఏం గోలీలు బాబూ అంటే అల్యూమినియం ఫాస్ఫైడ్, మిర్చి గోడౌన్లలో ధాన్యం కొట్టుల్లో పొగబెట్టే మందు! దానికి కాస్త తేమ తగిలితే ఫాస్ఫీన్ గ్యాస్ వస్తుంది, ఆ గ్యాస్‌కి విరుగుడు మందంటూ లేదు. ఇంట్లో మా మనవరాలు నిద్రపోతోంది. గుమ్మంలోంచే పంపించేశాను.

అసలు చట్టం చూసుకుంటే నేనూ దోషినే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో చంపడమే కాదు, పట్టుకోవడం, బోను పెట్టడం కూడా వేట కిందే లెక్క. అడవిజంతువు సర్కారు ఆస్తి, పట్టాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పర్మిషన్ ఉండాలి. 2022 లో చట్టం మార్చి జరిమానాలు కూడా పెంచారు, మామూలు తప్పుకి పాతిక వేల దాకా ఉన్నది లక్ష దాకా పోయింది. ఇంతకుముందు ఎలుకలు, కాకులు, పళ్ళు తినే గబ్బిలాలు వీటన్నిటినీ ఉపద్రవ జంతువులని ఒక షెడ్యూలులో పెట్టారు, ఆ షెడ్యూలే ఇప్పుడు లేదు. ఇవేవీ నాకు బోను పెట్టించిన రోజు తెలియవు, బోను పెట్టినవాడికీ తెలియవు. నాకు తెలియకపోవడం ఒక ఎత్తు, దాని మీదే బతికేవాడికి తెలియకపోవడం ఒక ఎత్తు.

మానుపిల్లి సరే, మహా అయితే ఇల్లు కంపు కొడుతుంది. పాము అలా కాదు కదా. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా చెల్లెలు వాళ్ళు ఆ నీళ్ళల్లోనే ఉన్నారు. నీళ్ళు తీశాక ఇల్లు కడుక్కుంటుంటే బీరువా కింద పాము. వీధిలో కుర్రాడు ఒకడు వచ్చాడు, ఇరవై ఏళ్ళు ఉంటాయేమో, చెప్పులు కూడా లేవు, తోక పట్టి బయటకి లాగి గాల్లో వేలాడదీసి అటు తిప్పి ఇటు తిప్పి ఫోటోలకి ఇచ్చి పెద్ద నీళ్ళ బాటిల్లోకి దూర్చాడట. జెర్రిపోతు అన్నాడు కుర్రాడు, తాచు అన్నాడు మా బావగారు, ఫోటో చూస్తే నాకు రెండూ కాదనిపించింది, మొత్తానికి ఐదొందలు ఇచ్చి పంపారు. నాకు ఆ కుర్రాడి మీద కోపం లేదండి, పిలిస్తే పది నిమిషాల్లో వచ్చింది వాడొక్కడే. కానీ అది కట్లపాము అయ్యుంటే? కట్లపాములాగే చారలుండే విషం లేని పాము ఒకటుంది, రెంటికీ తేడా తెలియనివాడు ఏదో ఒకరోజు చెయ్యి పెట్టకూడని చోట పెడతాడు.

2000 నుంచి 2019 దాకా లెక్కలు తీసిన ఒక అధ్యయనం ప్రకారం మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది పోయారు, ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. దివిసీమ రైతుల్ని అడిగితే లెక్కలు కూడా అక్కర్లేదు, ఊరికి ఇద్దరి పేర్లు చెబుతారు. కేంద్రం 2024 లో పాముకాటు చావుల్ని 2030 కల్లా సగానికి తగ్గించాలని ప్లాన్ వేసింది, 15400 అని హెల్ప్‌లైన్ పెట్టింది, ముందుగా మొదలుపెట్టిన చోట్లలో మన రాష్ట్రం కూడా ఉంది. మంచిదే. కరిచాక ఎవరికి ఫోన్ చెయ్యాలో తేలింది. కరవకముందు ఇంట్లోకి వచ్చే మనిషి ఎవరు, వాడికి ఏం తెలుసు, అదెవరు చెబుతారు?

కేరళలో ఒక దారి చూపించారు. 2020 లో కొల్లం జిల్లాలో ఒకడు పాములు పట్టేవాడి దగ్గర తాచుని కొని నిద్రపోతున్న భార్యని కరిపించి చంపిన కేసు దేశమంతా చూసింది. అదే ఏడాది అక్కడి అటవీ శాఖ పాములు పట్టేవాళ్ళకి ట్రైనింగ్ పెట్టి సర్టిఫికెట్ ఇవ్వడం మొదలుపెట్టింది, సర్ప అని ఒక యాప్ తెచ్చింది, అందులో మీ దగ్గర్లో సర్టిఫికెట్ ఉన్న మనిషి కనపడతాడు. చేత్తో తోక పట్టి ఆడించడం లేదు, హుక్కుతో మెల్లగా నడిపించి పైపు తగిలించిన సంచిలోకి దూరేలా చెయ్యడమే, పాముకి అదేదో బొరియ అనిపించి అదే పోతుంది. ఆ రాష్ట్రంలోనే వేల పాములు పట్టి పేరు తెచ్చుకున్న ఒకాయన 2022 జనవరిలో తాచుని సంచిలో వెయ్యబోతుంటే తొడ మీద కాటేసి, వెంటిలేటర్ దాకా వెళ్ళి వచ్చాడు. అనుభవానికీ పద్ధతికీ తేడా అక్కడే తెలిసిపోతుంది.

అనుభవాన్ని తక్కువ చెయ్యట్లేదండోయ్. తమిళనాడులో ఇరుల అనే గిరిజనులున్నారు, పాము తోళ్ళ వ్యాపారం మూతపడి బతుకు పోతే 1978 లో మహాబలిపురం దారిలో సహకార సంఘం పెట్టుకున్నారు, అటవీ శాఖ లైసెన్సుతో పాములు పట్టి విషం తీసి మళ్ళీ వదిలేస్తారు, మన ఆసుపత్రుల్లో విరుగుడు ఇంజెక్షన్లకి కావాల్సిన విషంలో ఎక్కువ భాగం వాళ్ళ దగ్గర్నుంచే. వాళ్ళల్లో మాసి సడైయన్, వడివేల్ గోపాల్ అని ఇద్దర్ని 2017 లో ఫ్లోరిడా వాళ్ళు పిలిపించుకున్నారు, అక్కడ చిత్తడి అడవుల్లో పెరిగిపోయిన బర్మా కొండచిలువల్ని పట్టడానికి. లైసెన్సులూ పరీక్షలూ ఉన్న అమెరికా మన అడవిబిడ్డల్ని విమానమెక్కించి తీసుకెళ్ళింది. 2023 లో ఇద్దరికీ పద్మశ్రీ కూడా వచ్చింది.

మనకి యానాదులు లేరా? తెనాలి రేపల్లె వైపు చేలల్లో ఎలుకలు పట్టాలంటే ఇప్పటికీ వాళ్ళే దిక్కు, తోకకి ఇంత అని లెక్క, ఏ కలుగులో ఎలుక ఉంది ఏ కలుగులో పాము ఉంది అనేది గట్టు మీద మట్టి చూసి చెప్పేస్తారు. మా నాన్నగారి పొలంలో చిన్నప్పుడు చూశాను, పెద్దాయన కుండలో గడ్డి రాజేసి కలుగులోకి పొగ ఊదుతూ ఇంకో రెండు కన్నాలు ఎక్కడున్నాయో చూడకుండానే పిల్లలకి చూపించేవాడు. ఆ చదువుకి మనం ఇచ్చిన విలువ తోకకి కొన్ని పైసలు. జంతువుల్ని పట్టేవాళ్ళకి ట్రైనింగ్ పెట్టి కార్డులివ్వడం మొదలుపెడితే ముందు ఈ యానాదుల దగ్గర్నుంచే మొదలుపెట్టాలి, డిగ్రీ అని అడ్డం పెట్టకూడదు. చదవడం రాయడం రానివాళ్ళకి పరీక్ష నోటితో పెట్టొచ్చు, చేసి చూపించమనొచ్చు, పాముని చూపించి ఇదేంటని అడగొచ్చు.

ఏనుగుల సంగతి మీ పేపర్లోనే చదివాను, చిత్తూరు వైపు చేలు తొక్కుతున్నాయని 2025 లో కర్ణాటక నుంచి నాలుగు కుంకీ ఏనుగుల్ని తెచ్చుకున్నాం. ఏనుగుని తరమడానికి వచ్చే ఏనుగుకే ట్రైనింగ్ ఉన్నప్పుడు మనిషికి ఉండొద్దా అని మా షాపులో కుర్రాడు అన్నాడు, నేను నవ్వాను గానీ వాడన్నది కరెక్టే.

క్లాసులు ఎక్కడ పెట్టాలా అని వెతుక్కోనక్కర్లేదు. లాంలో వ్యవసాయ యూనివర్సిటీ ఉంది, గన్నవరంలో పశువైద్య కాలేజీ ఉంది, ఆ పక్కనే కొండపావులూరులో ఎన్.డి.ఆర్.ఎఫ్. పటాలం ఉంది, వరదల్లో పడవలేసుకుని తిరిగేది వాళ్ళే. 2023 లో కేంద్ర పర్యావరణ శాఖ మనుషులకీ జంతువులకీ గొడవల మీద 14 గైడ్‌లైన్స్ విడుదల చేసింది, పాములకి విడిగా ఉంది, కోతులకి విడిగా ఉంది, అంటే సిలబస్ సగం రాసే ఉంది. తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగూ చీకట్లో టార్చి వెలుగులో గుర్తుపట్టడం రావాలి. పట్టిన పాముని ఎక్కడో కొండల్లోకి తీసుకెళ్ళి పడేస్తే దానికి ఆ చోటు తెలియక బతకడం కష్టమని, ఆ చుట్టుపక్కలే వదలాలని చెప్పాలి. ఎలుకల ఉచ్చ నుంచి ఎలుక జ్వరం, కోతి కరిస్తే ర్యాబిస్ ఇంజెక్షన్లు, ఇవి పట్టేవాళ్ళకి వాళ్ళ ప్రాణం కోసమే తెలియాలి. అన్నిటికన్నా ముందు నేర్పాల్సింది ఎప్పుడు పట్టకూడదో. సగానికి సగం ఇళ్ళల్లో కొమ్మ కొట్టేసి, కన్నం మూసి, చెత్త తీసేస్తే పట్టాల్సిన పనే ఉండదు, ఆ మాట చెప్పినందుకు కూడా వాడికి డబ్బులు ఇచ్చే అలవాటు మనకీ రావాలి.

కోతుల గురించి ఎక్కువ రాయను, కోటప్పకొండ వెళ్ళొచ్చినవాళ్ళందరికీ తెలుసు. ఒక ఊళ్ళో పట్టి లారీలో తెచ్చి పక్క ఊరి పొలిమేరలో దించేస్తారు, వారానికి వాళ్ళు మళ్ళీ వీళ్ళ పొలిమేరలో దించుతారు. కోతికి ఇంత అని లెక్కగట్టినన్నాళ్ళూ ఇది ఆగదు.

కార్డులు పెడితే మళ్ళీ అవి అమ్ముకుంటారు, డ్రైవింగ్ లైసెన్సుల్లా అవుతాయి అని మా అపార్ట్‌మెంట్‌లోనే ఒక రిటైర్డ్ మాస్టారు అన్నారు. కావచ్చు. కానీ లైసెన్సులు కొనుక్కుంటున్నారని రోడ్ల మీద లైసెన్సులే తీసేద్దామా మాస్టారూ అంటే ఆయన నవ్వి ఊరుకున్నారు. కార్డు మీద ఫోటో, ఏ జంతువులకి పనికొస్తుందో, ఎప్పటిదాకా చెల్లుతుందో ఉండాలి, కార్డున్నవాడికి హుక్కు, సంచి, బూట్లు సర్కారే ఇవ్వాలి, ఇన్సూరెన్స్ ఉండాలి, పాము కరిస్తే పట్టేవాడి పిల్లలు రోడ్డున పడకూడదు. చేసిన పనికి రేటు కూడా రాసి పెడితే పునుగుపిల్లి అని చెప్పి పదిహేను వందలు పెంచేవాళ్ళు తగ్గుతారు.

జిల్లా అటవీ అధికారి గారు, కార్పొరేషన్ కమిషనర్ గారు మీ పేపర్ చూస్తారని నమ్మకంతో రాస్తున్నాను. మా సీలింగ్ కార్పెంటర్ మళ్ళీ అతికించాడు, రంగు ఇంకా కలవలేదు. ఏసీ పైపు పక్కన కన్నం నేనే సిమెంటు పెట్టి మూద్దామని స్టూలెక్కాను, మా ఆవిడ కింద నుంచి "ముందు లోపల ఏమన్నా ఉందేమో చూశారా" అంది. దిగిపోయాను. చూసి చెప్పే మనిషి ఎవరైనా, కార్డు ఉన్నా లేకపోయినా సరే, నిజంగా పని తెలిసినవాడు గుంటూరులో ఉంటే మీ పేపర్ ద్వారా కబురు పంపించమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు